ఇంటి రికార్డింగులో మిక్సింగ్

విడివిడిగా రికార్డు చేసిన గాత్రాన్నీ వాద్యాలనూ ఒకచోట చేర్చి, వినేవారికి ఒకే పాటగా అందించే పనిని మిక్సింగ్ అంటారు. ట్రాక్‌ల హెచ్చుతగ్గులు సరిచూడడం, ఎడమ కుడి చెవుల మధ్య వాటికి చోట్లు చూపడం, ఒకదాని నాదం మరొకదాన్ని కప్పెయ్యకుండా కాచుకోవడం, చివరకు రెండు చానళ్ల స్టీరియో ఫైలుగా దించడం ఇందులోని పనులు. ఒకప్పుడు పెద్ద స్టూడియోల్లో ఇంజనీర్లకే పరిమితమైన ఈ విద్య ఇవాళ పడకగదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న గాయకులకూ వాద్యకారులకూ అవసరమైంది.

తెలుగులో దీనికి దగ్గరి మాట మేళవింపు. వీణ తీగలను శ్రుతి చేయడాన్ని మేళవించడమంటాం, నాలుగు వాద్యాలను కలపడాన్నీ అదే మాటతో చెబుతాం. రెండర్థాలూ ఈ పనికి అతుకుతాయి, ఎందుకంటే శ్రుతి కలవని ట్రాక్‌లను ఏ మిక్సింగూ కలపలేదు. గుర్తుపెట్టుకోవలసిన మరో మాట పక్కవాద్యం. ముందు ఎవరు, పక్కన ఎవరు అన్నది ఆ మాటలోనే ఉంది. కొత్తగా మిక్సింగ్ మొదలుపెట్టినవారు తరచుగా మరిచిపోయేది సరిగ్గా ఆ సంగతే. ప్రతి వాద్యాన్నీ విడిగా వింటూ దానికి మెరుగులు దిద్దుతారు, అన్నీ కలిపి వింటే మాత్రం పాట వినపడదు.

కొమ్ము నుంచి కంప్యూటరు దాకా

కొమ్ములోకి పాడి రికార్డు చేసిన రోజుల్లో మిక్సింగ్ అనే వేరే పని లేదు. 1902లో రికార్డింగ్ ఇంజనీరు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గాయని గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసింది అలాంటి కొమ్ముతోనే. ఎవరు కొమ్ముకు దగ్గరగా ఉంటే వారు గట్టిగా వినిపించేవారు, వాద్యకారుల్ని ముందుకూ వెనక్కూ జరపడమే అప్పటి మిక్సింగ్. 1925 ప్రాంతంలో విద్యుత్ మైకులు వచ్చాక కూడా చాలా ఏళ్లపాటు అందరూ ఒకేసారి పాడి వాయించేవారు. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదలుపెట్టాలి.

ఈ ముడి విప్పినవారిలో ముఖ్యుడు అమెరికన్ గిటారిస్టు లెస్ పాల్. ఆయన, భార్య మేరీ ఫోర్డ్ కలిసి 1951లో విడుదల చేసిన ‘హౌ హై ద మూన్’ను న్యూయార్క్‌లోని తమ ఇంట్లోనే రికార్డు చేశారు. ఒక పొర మీద మరో పొరగా గిటార్లనూ గొంతులనూ పేర్చుకుంటూ పోయారు. అంటే పొరలు పేర్చే రికార్డింగ్ స్టూడియోల్లోనే కాదు, ఇంట్లోనూ ఎదిగింది. 1957లో యాంపెక్స్ సంస్థ ఆయనకు ఎనిమిది ట్రాక్‌ల టేపు యంత్రాన్ని అందించింది. పదేళ్ల తర్వాత, 1967లో, బీటిల్స్ బృందం ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్‌ను లండన్‌లో నాలుగు ట్రాక్‌ల యంత్రాల మీద చేసింది. ట్రాక్‌లు నిండగానే వాటిని కలిపి ఇంకో టేపు మీదికి దించి, ఖాళీ అయినచోట కొత్త వాద్యాలు చేర్చేవారు.

1979లో టియాక్ సంస్థ తెచ్చిన పోర్టాస్టూడియో మామూలు క్యాసెట్ మీద నాలుగు ట్రాక్‌లు రికార్డు చేసింది. దాని ముందు కూర్చుని బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ తన ఇంట్లో పాడుకున్న నమూనా పాటలే 1982లో ‘నెబ్రాస్కా’ ఆల్బమ్‌గా వచ్చాయి. మన దగ్గర ఎ.ఆర్. రెహమాన్ 1989లో చెన్నైలోని తన ఇంటి పెరట్లో కట్టుకున్న పంచతన్ రికార్డ్ ఇన్ స్టూడియో ఈ మార్పుకు పెద్ద గుర్తు. 1992 నాటి ‘రోజా’ పాటలు అక్కడే తయారయ్యాయి. తెలుగు అనువాదంలో ఆ పాటలు విన్నవారికి ఒక్కో వాద్యం చుట్టూ ఎంత ఖాళీ ఉందో గుర్తుండే ఉంటుంది. తర్వాత కంప్యూటర్ల వంతు వచ్చింది. 1996లో క్యూబేస్ వీఎస్‌టీ, 2000లో ఉచితంగా ఆడాసిటీ, 2004లో గ్యారేజ్‌బ్యాండ్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు వచ్చాయి.

నాలుగు ట్రాక్‌లే ఉన్న రోజుల్లో ఏది ముఖ్యమో రికార్డింగుకు ముందే తేల్చుకోక తప్పేది కాదు. ఇప్పుడు ఎన్ని ట్రాక్‌లైనా తెరవొచ్చు కాబట్టి ఆ నిర్ణయం వాయిదా పడుతూ పోతుంది. అలా వాయిదా వేసిన నిర్ణయాలన్నీ చివరకు మిక్సింగ్ నెత్తిన పడతాయి.

ఒక పాట, ఆరు ట్రాక్‌లు

వివరాలు ఒక ఉదాహరణ మీద చెప్పుకుంటే సుళువు. ఐదున్నర శ్రుతిలో ఒక గాయని పాడిన లలిత గీతాన్ని తీసుకుందాం. గాత్రం, వయొలిన్, వేణువు, మృదంగం, కీబోర్డు, తంబుర, ఈ ఆరూ ఒకే గదిలో ఒకదాని తర్వాత ఒకటి రికార్డయ్యాయి. చేతిలో ఉన్నవి ఒక కండెన్సర్ మైకు, రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్లు, ల్యాప్‌టాప్. నేర్చుకునేవారికి ఇంతకంటే అక్కర్లేదు.

శ్రుతి దగ్గర మొదలుపెట్టాలి. ఐదున్నర అంటే కీబోర్డు మీద జీ షార్ప్, ఆ ఆధార షడ్జమం సుమారు 208 హెర్ట్జ్. తంబుర పెట్టె 207 దగ్గర ఉండి, కీబోర్డు 209 దగ్గర ఉంటే రెండూ కలిసినచోట సెకనుకు రెండుసార్లు నాదం ఊగుతుంది. పై స్వరాంశాల్లో ఆ ఊగు ఇంకా వేగంగా ఉంటుంది. ఒక్కొక్క ట్రాకూ విడిగా వింటే తప్పేమీ తెలియదు, కలిపితేనే తలనొప్పి. కాబట్టి రికార్డింగుకు ముందే తంబురనూ మృదంగాన్నీ కీబోర్డుతో సరిచూసుకోవాలి. వేణువు శ్రుతి వాయిస్తున్న కొద్దీ వేడెక్కి కాస్త పెరుగుతుంది, అందుకే నాలుగు నిమిషాలు వాయించాకే శ్రుతి చూసుకుని రికార్డు మీట నొక్కాలి.

గది సంగతి చాలామంది పట్టించుకోరు. నున్నటి గోడలు, టైల్స్ నేల, సిమెంటు శ్లాబు ఉన్న ఖాళీ గదిలో చప్పట్లు కొడితే చిటపటమని ప్రతిధ్వని వినిపిస్తుంది. అది మైకులో పడిందంటే తర్వాత తీయడం దాదాపు అసాధ్యం. గాయని వెనక రెండు మందపాటి బొంతలు వేలాడదీయడం, బట్టలు నిండిన బీరువా తలుపులు తెరిచిపెట్టడం, నేల మీద జంపఖానా పరచడం ఖర్చులేని ఉపాయాలు. అవి పై నాదాన్ని మింగుతాయి కానీ దిగువ నాదాన్ని ఆపలేవు. 10 అడుగుల పొడవున్న గదిలో 56 హెర్ట్జ్ దగ్గర గాలి గోడల మధ్య ఊగిసలాడుతుంది, దాన్ని మింగడానికి బొంత మందం చాలదు. ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్ ఆపాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, వైర్లు సరిగా లేకపోతే దాని గుయ్యిమనే మోత 50, 100, 150 హెర్ట్జ్‌ల దగ్గర వినిపిస్తుంది.

రికార్డింగ్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టుకుని, అతి గట్టి అక్షరం కూడా మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా చూసుకోవాలి. డిజిటల్‌లో సున్నా దాటిన నాదం చిరిగిపోతుంది, మళ్లీ కుట్టలేం. 16 బిట్‌కు సుమారు 96 డెసిబెల్స్ విస్తృతి ఉంటే, 24 బిట్‌కు సిద్ధాంతరీత్యా 144 ఉంది, అందువల్ల తక్కువ స్థాయిలో రికార్డు చేసినా నష్టం లేదు. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు తిప్పి పెడితే ప, ఫ, బ, భ అక్షరాల గాలి దెబ్బ సూటిగా తగలదు. మరీ దగ్గరికి వెళితే ఒకే దిక్కు నాదం పట్టే మైకుల్లో గొంతు అడుగు భాగం ఉబ్బిపోతుంది.

మృదంగానికి రెండు వైపులా రెండు మైకులు పెడితే ఒక చిక్కుంది. ఒక మైకుకు గాలి ముందుకు తోసినట్టు అందిన క్షణంలోనే రెండోదానికి వెనక్కి లాగినట్టు అందవచ్చు. కలిపినప్పుడు ఎడమ మూత గుంకీ పలచబడిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఒక ట్రాకు మీద పొలారిటీ మీట నొక్కి, ఏ స్థితిలో గుంకీ నిండుగా ఉంటే ఆ స్థితిలో వదిలేయాలి. అనుమానం ఉంటే ఒక్క మైకుతోనే వాయించడం మంచిది. మంచి చోట పెట్టిన ఒక మైకు, సరిగా కుదరని రెండు మైకుల కంటే మేలు.

మొదట ఫేడర్లు

మిక్సింగ్ మొదలుపెట్టేముందు ఒక గంట శుభ్రం చేసే పనికి కేటాయించాలి. ట్రాక్‌లకు పేర్లు పెట్టాలి, మంచి టేకులు ఎంచుకోవాలి, పాట లేనిచోట గొంతు సవరింపులు, కుర్చీ కిర్రుమనడాలు తీసేయాలి. అతికినచోట్ల చిన్న ఫేడ్ ఇవ్వకపోతే టిక్కుమంటుంది. తాళం కూడా సరిచూడాలి. ఒకదాని తర్వాత ఒకటి రికార్డు చేసినప్పుడు కంప్యూటరు ఆలస్యం వల్ల కొత్త ట్రాకు కొన్ని మిల్లీసెకన్లు వెనకబడవచ్చు. 48 కిలోహెర్ట్జ్‌లో 256 శాంపిళ్ల బఫర్ ఒక్కటే 5 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. హెడ్‌ఫోన్‌ను మైకుకు ఆనించి క్లిక్ వినిపిస్తూ రికార్డు చేస్తే, రెండు క్లిక్కుల మధ్య తేడా ఎంతో తెరమీదే కనిపిస్తుంది. ఆ మేరకు ట్రాకును ముందుకు జరిపితే చాలు.

ఇక అసలు పని. ఈక్యూ, కంప్రెసర్, రివర్బ్ ఏవీ తెరవకుండా ట్రాకుల శబ్దాన్ని పెంచి తగ్గించే మీటలైన ఫేడర్లన్నీ కిందికి దించి, మానిటర్‌ను మోనోలో, అంటే రెండు చానళ్లూ ఒకటిగా కలిసేలా పెట్టి, మెల్లగా మాట్లాడుకునేంత శబ్దంలో మొదలుపెట్టాలి. ముందు గాత్రం పైకెత్తాలి, మైనస్ 10 దగ్గర ఆపాలి. తర్వాత మృదంగం. సాహిత్యంలో ప్రతి అక్షరం తెలుస్తూనే, కాలు తాళం వేసే దాకా దాన్ని పెంచాలి. మూడోది తంబుర. అది ఆపినప్పుడు లోటు తెలియాలి, ఉన్నప్పుడు ఉన్నట్టు తోచకూడదు. ఆ తర్వాత వయొలిన్, వేణువు, చివరికి కీబోర్డు. ఈ క్రమాన్ని మార్చి కీబోర్డుతో మొదలుపెట్టిన పాటల్లో గొంతు కీబోర్డు మీద అతికించినట్టు ఉండడం మామూలే.

తక్కువ శబ్దంలో వినడానికి కారణం మన చెవి. 1933లో బెల్ ప్రయోగశాలల్లో ఫ్లెచర్, మన్సన్ చూపినట్టు, మన చెవి వేర్వేరు తారస్థాయిల నాదాలను ఒకేలా వినదు. శబ్దం పెరిగే కొద్దీ దిగువ నాదం ఎక్కువగా తెలుస్తుంది, తగ్గిస్తే ముందుగా అదే మాయమవుతుంది. గట్టిగా పెట్టుకుని చేసిన మిక్స్ గదిలో ఘనంగా ఉంటుంది, ఫోన్లో మాత్రం మృదంగం లేని పాటలా వినిపిస్తుంది. చిన్న శబ్దంలో నిలబడ్డ పాట పెద్ద శబ్దంలోనూ నిలబడుతుంది.

మోనోలో వినడానికి కారణం మన ఊళ్లే చెబుతాయి. గుడి మైకు, పెళ్లి పందిట్లో లౌడ్ స్పీకరు, వంటింట్లో ఫోను, ఇవన్నీ మోనోకు దగ్గరే. స్టీరియోలో వయొలిన్ ఒకవైపు, వేణువు మరోవైపు జరిగి గొంతుకు దారిచ్చినట్టు అనిపించవచ్చు. మోనోలో ఆ దారి మూసుకుపోతుంది. ముందు మోనోలోనే కుదిర్చితే తర్వాత స్టీరియో ఇచ్చే విశాలత అదనపు లాభం.

ఫేడర్ ఒకచోట పెట్టి వదిలేసేది కాదు. వయొలిన్ గాయని పాడుతున్నప్పుడు నీడలా వెంట రావాలి, ఆమె ఊపిరి పీల్చుకున్నచోట ముందుకు రావాలి. కచేరీలో ఈ పని వయొలిన్ విద్వాంసుడే కమానుతో చేస్తాడు, విడిగా రికార్డు చేసినప్పుడు మనం చేయాలి. ఫేడర్ కదలికలను గుర్తుంచుకునే ఆటోమేషన్‌తో చరణాల్లో వయొలిన్‌ను 3 డెసిబెల్స్ దించి, స్వరాల దగ్గర పైకి తీసుకురావచ్చు. గొంతులోనూ అంతే. మాట చివర అక్షరాలు మింగేసినట్టు వినిపించేచోట ఆ ఒక్క అక్షరాన్ని 2 డెసిబెల్స్ ఎత్తాలి. విసుగు పుట్టించే పనే, కానీ ఇంటి మిక్సుల్లో తేడా తెచ్చేది ఇదే. ఏ ఖరీదైన ప్లగ్‌ఇన్ ఈ పని మన బదులు చేయదు.

చోట్లు

స్టీరియో ఆలోచనకు మూలపురుషుడు ఇంగ్లాండుకు చెందిన అలన్ బ్లూమ్‌లైన్, ఆయన 1931లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. రెండు స్పీకర్ల మధ్య నాదాన్ని ఎక్కడైనా నిలపగలగడం దాని సారం. కర్ణాటక కచేరీలో గాయని మధ్యలో కూర్చుంటే, మృదంగం ఆమె కుడివైపు, వయొలిన్ ఎడమవైపు ఉండడం వాడుక. అంటే ఎదురుగా కూర్చున్న శ్రోతకు మృదంగం ఎడమన, వయొలిన్ కుడిన కనిపిస్తాయి. మిక్సింగులో ఈ కూర్చునే తీరునే అనుసరించవచ్చు. మృదంగాన్ని మాత్రం మధ్య నుంచి కొద్దిగానే, ఒక పది శాతం, ఎడమకు జరపాలి. దిగువ నాదం పూర్తిగా ఒక చెవిలోకి పోతే హెడ్‌ఫోన్లలో తల ఒరిగినట్టుంటుంది. వయొలిన్ కుడికి ముప్పై, వేణువు ఎడమకు ముప్పై, కీబోర్డు రెండు వైపులా విస్తరించి, తంబుర వెడల్పుగా వెనక. గొంతు కదలదు.

ఈక్యూ

ఈక్యూ అంటే నాదంలో దిగువ, నడుమ, పై భాగాలను విడిగా పెంచి తగ్గించే సాధనం. కొత్తవారు దీన్ని పెంచడానికే వాడతారు, నిజానికి తగ్గించడంలోనే దీని బలం ఉంది. మన గాయని మంద్ర పంచమం దాకా దిగినా అది సుమారు 156 హెర్ట్జ్. అంతకు దిగువన ఆమె గొంతులో పాట లేదు, మెట్ల మీద అడుగులు, మైకు స్టాండు అదురు, వీధిలో లారీ మోత మాత్రమే ఉన్నాయి. కాబట్టి గాత్రం ట్రాకులో 100 హెర్ట్జ్ కింద కోసేయడం వల్ల ఏమీ పోదు. వేణువుకు 150 దాకా, వయొలిన్‌కు మంద్ర స్వరాలు చూసుకుని 120 దాకా కోయవచ్చు. కీబోర్డులో ఎడమ చేతి దిగువ స్వరాలు మృదంగానికి అడ్డం వస్తాయి, వాటిని 150 దిగువన తగ్గించి ఆ చోటు మృదంగానికి వదలాలి. మృదంగాన్ని ఇలా కోయకూడదు. ఎడమ మూతకు రవ్వ ముద్ద పూసి తెచ్చుకున్న గాంభీర్యమంతా అక్కడే ఉంది.

200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య చిన్న గదుల బురద పేరుకుంటుంది. ఆరు ట్రాక్‌లూ ఒకే గదిలో, ఒకే మైకుతో రికార్డయ్యాయి కనుక గది దోషం ఆరుసార్లు చేరుతుంది. ప్రతి ట్రాకులో 2, 3 డెసిబెల్స్ తగ్గిస్తే పాటంతా కిటికీ తెరిచినట్టు తేలికపడుతుంది. ఎక్కడ తగ్గించాలో తెలియకపోతే ఒక సన్నటి పట్టీని పెంచి మెల్లగా అటూ ఇటూ జరుపుతూ వినాలి. చెవికి మరీ ఎబ్బెట్టుగా తోచినచోట దాన్నే కిందికి దించాలి. అయితే ఇలా వెతుకుతూ పోతే ప్రతిచోటా తప్పే కనిపిస్తుంది. ఒక ట్రాకులో రెండు చోట్లకు మించి కోయాల్సి వస్తే, ఆ ట్రాకును మళ్లీ రికార్డు చేయడం తక్కువ శ్రమ.

సాహిత్యం స్పష్టంగా వినిపించేది 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య. ఆ చోటే వయొలిన్ కమాను గరుకుదనమూ, మృదంగం చాపు చురుకూ ఉంటాయి. ముగ్గురూ అక్కడే తోసుకుంటే గొంతును పెంచి లాభం లేదు, వయొలిన్‌ను 3 కిలోహెర్ట్జ్ దగ్గర రెండు డెసిబెల్స్ తగ్గించాలి. గొంతును ముట్టుకోకుండానే మాట బయటికి వస్తుంది. స, శ, ష అక్షరాలు 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య బుసకొడతాయి, వాటిని పట్టడానికి డీఎస్సర్ అనే సాధనముంది. మితిమీరి వాడితే గాయని నాలుక మొద్దుబారినట్టవుతుంది, ఆ అక్షరాల తేడా మసకబారుతుంది. తెలుగు ఉచ్చారణ మీద శ్రద్ధ ఉన్నవారెవరూ దాన్ని క్షమించరు.

ఈక్యూ చేసేటప్పుడు ట్రాకును ఒంటరిగా వినడం తగ్గించుకోవాలి. ఒంటరిగా పలచగా తోచిన కీబోర్డు అన్నింటితో కలిస్తే సరిగ్గా ఇమిడిపోవచ్చు. శ్రోత ఎన్నడూ దాన్ని ఒంటరిగా వినడు.

కంప్రెసర్

గట్టి నాదాన్ని అణచి, గట్టి మెత్తని తేడా తగ్గించే సాధనం కంప్రెసర్. హద్దును మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర, నిష్పత్తిని 3కి 1గా పెట్టామనుకుందాం. గాయని తారస్థాయిలో మైనస్ 9కి వెళ్లింది, అంటే హద్దును 9 డెసిబెల్స్ దాటింది. కంప్రెసర్ ఆ తొమ్మిదిని మూడు చేస్తుంది, బయటికి మైనస్ 15 వస్తుంది. ఆరు డెసిబెల్స్ అణిగాయి. ఇంటి గాత్రానికి ఇదే గరిష్ఠమనుకోవాలి, మామూలు చోట్ల మూడు చాలు. ముందే ఆటోమేషన్‌తో హెచ్చుతగ్గులు చేత్తో సరిదిద్ది ఉంటే కంప్రెసర్ పని సగం తగ్గిపోతుంది.

ఇందులో అసలు కిటుకు కాలానిది. కంప్రెసర్ ఎంత త్వరగా పట్టుకోవాలి, ఎంత నెమ్మదిగా వదలాలి అన్నవి మిల్లీసెకన్లలో పెట్టుకుంటాం. మృదంగానికి 1 మిల్లీసెకనులో పట్టుకునేలా పెడితే వేలు మూతకు తగిలిన ఆ మొదటి దెబ్బే అణిగిపోయి, జతులు తడిసిన బట్టలా మెత్తబడతాయి. 20, 30 మిల్లీసెకన్లు ఆగి పట్టుకుంటే దెబ్బ దాటిపోతుంది, తర్వాతి నాదం మాత్రం అణుగుతుంది. గాత్రంలో మరీ త్వరగా వదిలితే మాటల మధ్య ఊపిరి, గదిలోని చప్పుడు ఉబికి పైకొస్తాయి. తంబురకు కంప్రెసర్ అక్కర్లేదు, వేణువుకు కూడా చాలాసార్లు అక్కర్లేదు.

రివర్బ్

1947లో షికాగోలో బిల్ పుట్నమ్ అనే ఇంజనీరు హార్మోనికాట్స్ బృందం పాటకు స్నానాలగదిని ప్రతిధ్వని గదిగా వాడాడు. స్పీకరు అక్కడ పెట్టి పాట వినిపించి, మైకుతో ఆ గది మారుమోతను పట్టి అసలు పాటతో కలిపాడు. ఇవాళ రివర్బ్ పేరుతో సాఫ్ట్‌వేర్ చేసేది అదే పని. ప్రతి ట్రాకుకూ వేర్వేరు రివర్బులు తగిలించడం కొత్తవారి అలవాటు, దాంతో ఆరుగురూ ఆరు ఊళ్లలో ఉన్నట్టుంటుంది. ఒకే రివర్బును విడి చానల్లో పెట్టి, ప్రతి ట్రాకు నుంచీ కొంచెం కొంచెం పంపితే అందరూ ఒకే మండపంలో కూర్చున్నట్టవుతుంది.

సెకనున్నర నిడివి లలిత గీతానికి సరిపోతుంది. గాత్రం తర్వాత 30 మిల్లీసెకన్లు ఆగి రివర్బు మొదలయ్యేలా పెడితే అక్షరాలు మసకబారవు. రివర్బు చానల్లోనే 200 హెర్ట్జ్ కింద కోసేయాలి, లేకపోతే మృదంగం బురదలో నడిచినట్టుంటుంది. మృదంగానికి గాత్రంలో సగం రివర్బు చాలు. భక్తి పాట అనగానే గొంతును గుహలో పెట్టడం ఒక ఫ్యాషనైపోయింది. వినేవారికి దేవుడి పేరు కూడా స్పష్టంగా వినపడనంత రివర్బు పాటకు అపకారమే.

శ్రుతి దిద్దడం గురించి

1997లో వచ్చిన ఆటోట్యూన్, అలాంటి ఇతర సాధనాలు తప్పిన స్వరాన్ని దగ్గరి మెట్టుకు లాగుతాయి. మన సంగీతంలో స్వరం మెట్టు మీద నిలిచేది కాదు. తోడిలో గాంధారం ఊగుతూనే ఉంటుంది, ఆ ఊగులోనే రాగముంది. వేగంగా లాగేలా పెట్టిన సాధనం ఆ గమకాన్ని మెట్లుగా నరుకుతుంది. తప్పిన ఒక్క స్వరాన్ని విడిగా పట్టుకుని చేత్తో దిద్దుకోవచ్చు, ట్రాకంతటికీ దాన్ని తగిలించకూడదు. మంచి మార్గం ఆ ఒక్క పంక్తినీ మళ్లీ పాడించడమే.

వినడం, దించడం

చెవి గంటలో అలసిపోతుంది, అలసిన చెవికి పై నాదం చాలినట్టే ఉండదు. ముప్పావు గంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం, పూర్తయిందనుకున్న మిక్సును మర్నాడు ఉదయం వినడం పాత ఇంజనీర్ల పద్ధతి. మనకు నచ్చిన ఒక పాటను పక్కన పెట్టుకుని పోల్చుకోవడం బాగా ఉపయోగపడుతుంది. అయితే రెండింటి శబ్దస్థాయినీ ముందు సమం చేయాలి. ఒక్క డెసిబెల్ గట్టిగా ఉన్నదే మెరుగ్గా తోస్తుంది, అది చెవి స్వభావం. తర్వాత ఫోను స్పీకరులో, కారులో, టీవీలో, చవక ఇయర్‌ఫోన్లలో వినాలి. నాలుగుచోట్లా ఒకే లోపం వినిపిస్తే అది మిక్సులో లోపం, ఒక్కచోటే వినిపిస్తే ఆ స్పీకరుది.

దించేటప్పుడు పాటలో అతి గట్టి చోట మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగితే, తర్వాత మాస్టరింగుకు, అంటే పూర్తయిన మిక్సుకు ఇచ్చే చివరి మెరుగుకు, వీలుంటుంది. నెట్‌లో పెట్టే పాటను వీలైనంత గట్టిగా చేయాలన్న పోటీ ఇప్పుడు అర్థం లేనిది. స్పాటిఫై వంటి వేదికలు మొత్తం పాట సగటు శబ్దాన్ని కొలిచి సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు తెస్తాయి. నలిపి నలిపి గట్టిగా చేసిన పాటను అవే తగ్గించేస్తాయి, నలిగిన దెబ్బ మాత్రం మిగులుతుంది. మాస్టరింగు తర్వాత శిఖరాలు మైనస్ 1 డెసిబెల్ దాటకుండా ఉంచి, 24 బిట్ వేవ్ ఫైలుగా భద్రపరచి, పంచుకోవడానికి వేరే ఎంపీ3 చేసుకోవాలి.

చివరిగా ఒక మనవి. 2017లో నిర్మాత జైల్స్ మార్టిన్ ‘సార్జెంట్ పెప్పర్స్’ను కొత్తగా మిక్స్ చేయగలిగాడంటే, యాభై ఏళ్ల కిందట ట్రాక్‌లు కలపక ముందున్న తొలి టేపులు భద్రంగా ఉండడం వల్లే. మీ ఆరు ట్రాక్‌లనూ ఏ సాధనమూ తగిలించకుండా, మొదటి సెకను నుంచి ఒకే నిడివితో వేవ్ ఫైళ్లుగా దించుకోండి. శ్రుతి, తాళం, లయ వేగం, రికార్డు చేసిన తేదీ రాసిపెట్టి, రెండు వేర్వేరు డిస్కుల్లో దాచండి. రెండేళ్ల తర్వాత మీ చెవి ఇప్పటికంటే పదునెక్కి ఉంటుంది, ఆనాడు మళ్లీ కూర్చోవడానికి అవి కావాలి.